మాను దిగని అర్జునుడు

పోయిన నెల తిరుపతిలో మా మనవరాలి బడి పండుగకు పోయాను. పెద్ద హాలు, కూర్చుంటే లోపలికి దిగిపోయే కుర్చీలు, ముసలి ఎముకలకు పడని చల్లగాలి. పిల్లలు పాటల నాటకం వేశారు. పాట ఎక్కడో పెట్టెలోంచి వస్తోంది, పిల్లలు దానికి సరిగా పెదవులు కదుపుతున్నారు. మా మనవరాలు నెమలి. నాటకం అయిపోయాక ఈకలతోనే వచ్చి నా పక్కన కూర్చుని, "అవ్వా, నేను భయపడినట్టు కనిపించిందా?" అని అడిగింది. కనిపించిందని చెప్పాను. మా కోడలు నా వైపు గుర్రుగా చూసింది. బిడ్డ అడిగింది, నేను చెప్పాను, అందులో దాచేదేముంది? ఆ పిల్ల మాత్రం ఏమీ అనుకోలేదు. "నువ్వెప్పుడైనా స్టేజి ఎక్కినావా?" అంది. "ఎక్కినాను. ఎక్కి, దిగనన్నాను" అని చెప్పాను. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఆ కథ చెప్పమని నా చెయ్యి లాగుతూనే ఉంది. ఆటోలో చెప్పి ముగించగలిగే కథ కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా ఊరు వడమాలపేట నుంచి పొలాలకు అడ్డంపడి నడిస్తే వస్తుంది. మా ఇంట్లో అవ్వ, నాయన, నేను. అమ్మ నాకు మాటలు రాకముందే పోయింది. ఆమె ఎట్లా ఉండేదో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. నాయన కూలికి పోయేవాడు. నేను మేకలు కాసేదాన్ని. ఒక ఏడు వానాకాలంలో మేకలకు గాలి జబ్బు తగిలి ఒకదాని వెంట ఒకటి పోయాయి. కాయడానికి ఏమీ లేకపోతే పిల్ల ఊరికే ఊరు తిరుగుతుందని నాయన నన్ను తీసుకుపోయి బడిలో కూర్చోబెట్టాడు. "ఆడ మద్దేన్నం ఉప్మా పెడతారంట. తిని, కుదురుగా కూసో" అన్నాడు. చదువు గురించి ఏమీ చెప్పలేదు. అప్పటికి నాకు పన్నెండో పదమూడో ఉంటాయి. ఒకటో తరగతిలో పాలపళ్ళు ఊడని పిల్లల మధ్య నేను కూర్చుంటే గొర్రెపిల్లల్లో ఆవు పడుకున్నట్టు ఉండేది. వాళ్ళలో చిన్నవాళ్ళు ఉప్మా తిన్నాక నా తొడ మీద తల పెట్టి నిద్రపోయేవాళ్ళు. నేను వాళ్ళ మీద ఈగలు తోలుతూ అక్షరాలు దిద్దేదాన్ని.

చదువు కోసం తపించిపోయానని రాస్తే వినడానికి బాగుంటుంది. అంత లేదు. ఎండలో తిరగకుండా కప్పు కింద కూర్చోవడం బాగుండేది. పచ్చటి గోధుమరవ్వ ఉప్మా వాసన బాగుండేది. అయ్యవారు హార్మోనియం తెరిస్తే వచ్చే పాత కట్టె వాసన ఇంకా బాగుండేది. కానీ ఒకరోజు చింతగింజల గుగ్గిళ్ళు అమ్మడానికి అవ్వ వెంట రైలు స్టేషనుకు పోయినప్పుడు, అక్కడి పసుపు పలక మీద ఒక అక్షరం నాకు తెలిసింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పలక అది. దాని మీద ఉన్నవి గీతలు కావనీ, మా స్టేషను పేరనీ అప్పుడు తట్టింది. ఒక్క అక్షరం తెలిసి తక్కినవి తెలియకపోతే ఎట్లా ఉంటుందంటే, నోటిదాకా తెచ్చిన సంగటి ముద్దను ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు ఉంటుంది. ఆ తక్కినవి కూడా తెలుసుకునేదాకా బడి మానకూడదని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వేవాళ్ళు.

మా అయ్యవారిది చిత్తూరు టౌను. పలచటి మనిషి, నడిస్తే పంచె నడిచినట్టు ఉండేది. ఆయనకు పాఠాలకంటే పాటలంటే ప్రాణం. బడి వార్షికోత్సవానికి పాటల నాటకం వేయిద్దామని, అర్జునుడి తపస్సు ఎంచుకున్నారు. మా వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అందులో తపస్సు రోజున అర్జునుడి వేషం వేసినవాడు మిట్ట మీద నాటిన పొడవాటి తాటిమాను ఎక్కుతాడు. దానికి కొయ్య మెట్లు దిగ్గొట్టి ఉంటారు. మెట్టుకొక పాట పాడుతూ శివుణ్ణి పిలుస్తూ పైకి పోతాడు. పైన కూర్చుని నిమ్మకాయలు, విభూతి కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో ఆ మాను చుట్టూ ఉంటారు. కాయ కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. ఆ వేషం కట్టేవాడి మణికట్టుకు ముందే పసుపుకొమ్ము దారం, కంకణం, కడతారు. అది ఉన్నన్నాళ్ళు వాడు నీసు, అంటే చేపా మాంసమూ, ముట్టడు, పొలిమేర దాటడు. ఇదంతా మా ఊరిలో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. నాయన ఆ రోజుల్లో గ్యాసులైటు మోసేవాడు, నేను ఆయన వెనకాలే కూర్చుని పాటలన్నీ విని విని నోటికి పట్టేశాను.

బడి ఆవరణలో కూడా అయ్యవారు ఒక తాటిమాను నాటించారు. మిట్ట మీద దానంత పొడవు కాదు గానీ, పడితే లేవడం కష్టమే. అర్జునుడుగా ఐదో తరగతి పిల్లవాణ్ణి పెట్టారు. వాడికి గొంతు ఉంది, కాళ్ళు లేవు. మూడో మెట్టు మీద కళ్ళు మూసుకుని మానును కావలించుకున్నాడు. వాణ్ణి దించడానికి ఇద్దరు ఎక్కాల్సి వచ్చింది. ఇంకొకడు ఎక్కాడు, పాట మరిచిపోయాడు. మూడోవాడు ఎక్కనే ఎక్కనన్నాడు. అయ్యవారు నుదురు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఒకటో తరగతి వరండాలో ఉన్న నా మీద ఆయన చూపు పడింది.

"మునెమ్మా, నువ్వు చెట్లెక్కుతావు కదా?"

"మేకలకు ఆకు కోసినాను సార్. ఎక్కుతాను."

"ఎక్కి పాడాల."

"ఏం పాట?"

"నీకు ఏదొస్తే అది పాడు, సూస్తాం."

ఎక్కాను. పైన పలక మీద కూర్చుని భారతం పాట అందుకున్నాను. దిగేసరికి అయ్యవారు హార్మోనియం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఐదో తరగతి పిల్లలు "ఆడపిల్ల అర్జునుడేంది సార్" అన్నారు. "అయితే నువ్వు ఎక్కు" అన్నారు ఆయన. అంతటితో ఆ మాట ముగిసింది. శివుడి వేషం గోవిందు అనే పిల్లవాడికి ఇచ్చారు. వాడు కింద నిలబడితే చాలు.

వేషం అచ్చంగా ఉండాలని అయ్యవారు మొదటి రిహార్సలు రోజే నా కుడిచేతికి పసుపుకొమ్ము దారం కట్టారు. నా కిరీటం అట్టముక్కతో, కత్తి చెక్కతో చేసినట్టే, ఈ దారం కూడా ఆయనకు వేషంలో ఒక భాగం. టౌను మనిషి, అంతకుమించి ఆలోచించలేదు. నేను అట్లాగే ఇంటికి పోయాను. ఇంట్లో మా మేనత్త చెంగమ్మ కూర్చుని ఉంది.

చెంగమ్మత్త మద్రాసులో ఒక పెద్ద ఇంట్లో వంట చేసేది. ఏడాదికి ఒకసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా నెత్తళ్ళ ఎండుచేపల మూట తెచ్చేది. ఆ రోజు కూడా పొయ్యి మీద నెత్తళ్ళ పులుసు ఉడుకుతోంది, వాసనకు వీధి మలుపు దగ్గరే నోరు ఊరింది. అత్త నన్ను తల నుంచి కాలిదాకా చూసి, "ఎదిగిందే బిడ్డ. సరిపోతాది" అంది. దేనికి సరిపోతానో నాకు అర్థం కాలేదు. నాయన చెప్పాడు. అత్త పనిచేసే ఇంట్లో కోడలికి బిడ్డ పుట్టింది. ఎత్తుకోవడానికి ఒక పిల్ల కావాలి. "మూడు పూటలా బువ్వంట. గౌనులు కుట్టిస్తారంట. సముద్రం సూడొచ్చు" అన్నాడు. ఆయన ముఖంలో నాకు మేలు చేస్తున్నాననే సంతోషం ఉంది. నాయన చెడ్డవాడు కాదు. ఆయనకు తెలిసిన మేలు అంతవరకే ఉంది.

"బడి?" అన్నాను.

"బడి యాడికి పోతాది" అంది అత్త. "రేపే పోదాం రైలుకి."

అప్పుడు అవ్వ నా చేతిని చూసింది. నోట్లో ఆకు వక్క నములుతోంది, నమలడం ఆపింది. "ఈ దారం ఎవురు కట్టినారే?"

"అయ్యవారు. అర్జునుడికి ఉంటాది కదా అని."

అవ్వ లేచి, ఉడుకుతున్న పులుసు దాకను గుడ్డతో పట్టుకుని బయటికి తీసుకుపోయి ఎదురింట్లో ఇచ్చి వచ్చింది. మిగిలిన నెత్తళ్ళ మూటను పెరటి చూరుకు వేలాడదీసింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, "రేపు పొయ్యేది లేదు. కంకణం కట్టినారు. ఆట అయ్యేదాకా బిడ్డ పొలిమేర దాటకూడదు" అంది.

"ఏందమ్మా నీ సాదస్తం, బడి పిల్లోళ్ళ ఆటకు కంకణమేంది" అంది అత్త.

"కట్టినోడు పంతులో పూజారో కంకణానికి తెలవదు. దాటితే యాడో ఒక సోట కాలిరుగుతాది. ఇరిగిన కాలుతో నీ మద్రాసోళ్ళకు పనికొస్తాదా?"

అంత మాట అన్నాక ధైర్యం చేసి తీసుకుపోతే, దారిలో నేను రాయి తట్టుకుని పడినా ఆమె మీదికే వస్తుంది. నాయన చూరు వైపు చూసి నిట్టూర్చాడు. ఆయన బాధ పులుసు గురించి. అవ్వ కావాలనే నన్ను ఆపిందా అని ఈ కథ విన్నవాళ్ళు అడుగుతారు. కాదు. అవ్వకు నాటకాలాడడం రాదు. దారాన్ని నమ్మింది, అంతే.

మర్నాడు అయ్యవారు సంగతి తెలిసి మా ఇంటికి వచ్చారు. "అవ్వా, అది ఉత్త దారం. వేషానికి కట్టినాను" అన్నారు. "వేషమని దారానికి సెప్పినావా అయ్యవారూ?" అంది అవ్వ. ఆయన మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. అత్త మద్రాసు సంగతి చెప్పింది. ఆయన చెంబు కింద పెట్టి నా వైపు చూశారు, అవ్వ వైపు చూశారు. ఇక ఆ దారం గురించి మాట్లాడలేదు. బడికి పోయాక మాత్రం నన్ను పిలిచి, దారం వదులైందంటూ ఇంకొక ముడి వేశారు. అది వదులు కాలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

వానలు పట్టుకుని నాటకం రెండుసార్లు వాయిదా పడింది. అత్త పళ్ళు నూరుకుంటూ ఉండిపోయింది. ఊరికే ఉండడం ఆమెకు చేతకాదు, నన్ను మద్రాసు ఇంటికి తయారుచేయడం మొదలుపెట్టింది. బొంతను బిడ్డలాగా చుట్టి నా చేతుల్లో పెట్టి, మెడ కింద చెయ్యి ఎట్లా ఆనించాలో చూపించేది. తల గోక్కోకూడదు, కుర్చీ మీద కూర్చోకూడదు, పిలిస్తే "అమ్మగారూ" అనాలి. అన్నిటికంటే అంట్లు. చింతపండు పిప్పి, బూడిద కలిపి తోమించేది. నేను తోమిన చెంబును వెలుతురులో తిప్పి చూసి, "అంచు కింద సూడు, మసి. ఆయమ్మ వేలు పెట్టి సూస్తాది" అని మళ్ళీ నా ముందు పెట్టేది. నా గోళ్ళలో బూడిద పోయేది కాదు. ఆ చేతులతోనే పగలు పలక పట్టుకునేదాన్ని. నీసు లేని ఇంట్లో అందరికీ ఒకే పప్పు, ఒకే సంగటి. అత్త తినేటప్పుడు చూరు వైపు చూసి, "అర్జునుడేమో గానీ నా నోరు తపస్సు చేస్తా ఉండాది" అనేది. నవ్వు వచ్చేది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె కూడా నా అంత ఉన్నప్పుడే మద్రాసు పోయింది. ఎవరి బిడ్డనో ఎత్తుకోవడానికే. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమెకు పిల్లలు లేరు. ఆ సంగతి అవ్వ నా ఎదుట మాట్లాడేది కాదు గానీ, మాట్లాడనివి పిల్లలకు బాగా వినిపిస్తాయి.

నాకు రోజులు గడిచేకొద్దీ ఒకటి అర్థమైంది. నాటకం జరగనన్నాళ్ళే నేను ఇక్కడ ఉంటాను. తక్కిన పిల్లలు వాన ఎప్పుడు తగ్గుతుందా అని ఆకాశం చూస్తుంటే, నేను తగ్గకూడదని చూసేదాన్ని. తగ్గింది.

ఆ రోజు పొద్దు వాలే వేళకు నాటకం. సాయంత్రం ప్యాసింజరుకు ప్రయాణం. అత్త అన్నీ లెక్క చూసుకుంది. నేను మాను దిగగానే అవ్వ దారం విప్పాలి, అటునుంచి అటే స్టేషనుకు నడవాలి. నా బట్టల మూట ఆమె చంకలోనే ఉంది. కానీ ప్రెసిడెంటు గారు ఆలస్యంగా వచ్చారు, వచ్చినాయన మాట్లాడారు, మాట్లాడింది చాలదన్నట్టు ఇంకొకాయన మాట్లాడారు. నేను తెర వెనక మొహానికి పూసిన పచ్చటి అర్దళం రంగు, కొబ్బరినూనె వాసనతో కూర్చున్నాను. మీసం జిగురు ఎండి పెదవి పైన చర్మం లాగుతోంది. మాను ఎక్కడం నాకు భయం కాదు. దిగడమే.

పిలిచారు. ఎక్కడం మొదలుపెట్టాను. అయ్యవారు రాసిన పాటలు నాకు ఆయనే నోటితో నేర్పారు. ఒక్కో మెట్టు మీద ఆగి "మెట్టుకొక మాటగా నీ మేడకొస్తున్నా, మెడలో పాము ఉన్నవాడా మేలుకోవయ్యా" అని పాడుతుంటే, కింద జనం సద్దుమణిగారు. బడి నాటకానికి వచ్చినవాళ్ళు నవ్వులాటగా వచ్చారు. నాలుగైదు మెట్లు దాటేసరికి ఎవరో ముసలమ్మ గుడిలోలాగా చేతులు జోడించి "గోవిందా" అంది. ఆ మాట పడేసరికి అది బడి కాకుండా పోయింది. పైన పలక మీద కూర్చున్నాను. అక్కడినుంచి మా పొలాలు, దూరంగా నీలంగా తిరుమల కొండ, ఇటు పక్క రైలు పట్టాలు కనిపిస్తాయి. ఆఖరి పాట పాడాను. ఇక గోవిందు "మెచ్చితిని అర్జునా" అంటాడు, అస్త్రం ఇస్తాడు, నేను దిగాలి. అప్పుడు రేణిగుంట వైపు నుంచి పొగ కనిపించింది.

నేను మొదటి పాట మళ్ళీ అందుకున్నాను.

హార్మోనియం ఆగింది. అయ్యవారు తలెత్తి నా వైపు చూశారు. నేను పొగ వైపు చూస్తున్నాను. ఆయన కూడా అటు తిరిగి చూశారు. తర్వాత ఏమీ జరగనట్టు శ్రుతి పట్టారు. ఆయన రాసిన పాటలన్నీ రెండోసారి అయిపోయాయి. భారతం పాటలు అందుకున్నాను. అవీ అయిపోతే నాకు తోచింది పాడాను. వానలు పడాలి శివా, మేకలు ఈనాలి శివా, మా అవ్వకు మోకాళ్ళ నొప్పి తగ్గాలి శివా. జనం దానికి కూడా గోవింద కొట్టారు. కింద గోవిందు ఒంటినిండా బూడిదతో, గోనెసంచికి చారలు దిద్దిన పులితోలుతో నిలబడి, అస్త్రం పైకి చాపి, "తీసుకో మే, చెయ్యి నొస్తా ఉండాది" అని పళ్ళ మధ్య నుంచి అంటున్నాడు. "శివుడా, నువ్వు ఊరుకో. ఇంకా మెచ్చకు" అన్నారు ఎవరో ముందు వరస నుంచి.

పలక మీద గుడ్డసంచిలో నిమ్మకాయలు పెట్టారు, తపస్సులో విసరాలి కదా అని. ఒకటి తీసి విసిరాను. అంతే, ఆడవాళ్ళు లేచి మాను కిందికి వచ్చారు. తడి బట్టలు లేవు, ఉపవాసాలు లేవు, ఇది గుడి కాదు. అయినా కొంగులు పట్టారు. ప్రెసిడెంటు గారి భార్య కూడా పట్టింది. నేను రైలు పోవాలని పాడుతున్నాను, వాళ్ళు బిడ్డల కోసం అడుగుతున్నారు. ఇద్దరమూ ఒకే శివుణ్ణి పిలుస్తున్నాం.

రైలు స్టేషనులో ఆగింది. చెంగమ్మత్త జనాన్ని తోసుకుంటూ మాను కిందికి వచ్చింది. "మునెమ్మా, దిగు మే. రైలు వచ్చేసినాది. దిగుతావా, రాయి తీసుకునేదా?" అని అరిచింది. ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ళెవరూ ఆమె మాట వినడం లేదు. అందరి ముఖాలూ పైకే ఉన్నాయి. ఆమె అటూ ఇటూ చూసింది. పక్కన నిలబడిన ఒకామె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అత్త అరవడం ఆపింది. చంకలోని మూటను కింద, కాళ్ళ దగ్గర పెట్టింది. కొంగు విప్పి, రెండు చేతులా పట్టి చాపింది. ఆ కొంగు మద్రాసు వంటింటి కొంగు, పసుపు మరకలతో.

ఆమె కోసమే చూసి వేశానని రాస్తే కథకు బాగుంటుంది. కానీ అది అబద్ధం. నా కళ్ళు రైలు మీద ఉన్నాయి. రైలు కూత వేసింది, కదిలింది, పెట్టెలు ఒకటొకటిగా చింతతోపు వెనక్కి పోయాయి. చేతిలో మిగిలిన ఆఖరి కాయను అట్లాగే వదిలాను. అది అత్త కొంగులో పడింది.

అప్పుడు ఆపాను. కింది మెట్ల దాకా వచ్చాక గోవిందు అస్త్రాన్ని నా చేతికి కుక్కి కూలబడ్డాడు. దిగాను. మాను మొదట్లో కూర్చుంటే, ఎవరెవరో వచ్చి నా పాదాలు తాకి కళ్ళకద్దుకున్నారు. వెనక్కి లాక్కున్నాను, ఆగలేదు. అవ్వ వచ్చి దారం విప్పి కొంగున ముడి వేసుకుంది, బావిలో వేయడానికి. నాయన నన్ను కొడతాడేమోనని చూశాను. "గొంతు బాగుండాదే నీకు" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు.

ఒక రైలు పోతే ఏమవుతుంది? మర్నాడు పొద్దున ఇంకొకటి ఉంటుంది. ఇంటికి నడుస్తూ అదే లెక్క వేసుకుంటున్నాను. అత్త నా మూట చంకన పెట్టుకుని ముందు నడుస్తోంది. ఇంట్లో సంగటి తిన్నాం. తిన్నాక అలవాటుగా నేను లేచి అంట్లు పోగుచేసి, బూడిద గిన్నె అందుకున్నాను. అత్త నా చేతిలోంచి గిన్నె తీసుకుంది.

"ఇటు తే" అంది. పెరట్లోకి పోయి తానే కూర్చుని తోమింది. అంచుల కింద కూడా తోమింది. లోపలికి వచ్చి తడి చేతులు కొంగుకు తుడవబోయి, కొంగు ముడిలో నిమ్మకాయ ఉందని గుర్తొచ్చి, పావడా అంచుకు తుడుచుకుంది.

"వద్దులే అన్నా, నేనొక్కదాన్నే పోతాను" అంది నాయనతో.

"ఆ ఇంటోళ్ళకు మాటిచ్చినావంటివే?"

"సెప్పుకుంటాను. దాని సేతి పండు తీసుకున్నాను. ఆ సేత ఇంకొకరి అంట్లు ఎట్ల తోమించేది? నాకు అరగదు."

"నిన్న దాకా తోమించినావు గదే."

"నిన్న పండు తీసుకోలా."

నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ వక్కలు దంచుకుంటోంది. తల ఎత్తకుండా, "ఆ మాట నిజమే" అంది. అంతే. నా బతుకు గురించి మా ఇంట్లో జరిగిన మాటలు మొత్తం అవే. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. కూర్చున్నచోటే నిద్రపోయాను. మొహానికి రంగు కడుక్కోలేదని, చాపకు పచ్చ అంటిందని మర్నాడు తిట్లు తిన్నాను.

అత్తకు పిల్లలు పుట్టలేదు. అది నన్ను చాలా ఏళ్ళు కొరుకుతూ ఉండింది. మద్రాసు వదిలి ఆమె పులికాట్ పక్కన తడలో స్థిరపడ్డాక, నా పిల్లల్ని తీసుకుని చూడడానికి పోయేదాన్ని. ఒకసారి అడిగేశాను. "అత్తా, ఆ కాయ ఏం చేసినావు?"

"తినేసినాను. తొక్కతో సహా. శానా పులుపు."

"నా మీద కోపం రాలేదా?"

"నీ మీదెందుకు? అడిగింది నేను, ఇయ్యనిది ఆ శివుడు. మద్దెలో నువ్వెవురు?" అని, నా చిన్నదాని ముక్కు తుడిచి, "నీసు తిని పొండి, చేప తెచ్చినాను" అంది. పులికాట్ చేప. ఆ పూట తిన్నంత తృప్తిగా నేను ఎప్పుడూ తినలేదు.

ఒకటి మాత్రం ఉంది. ఆ మద్రాసు ఇంట్లో ఆ బిడ్డను ఎవరో ఒక పిల్ల ఎత్తుకునే ఉంటుంది. ఏ ఊరిదో, ఏ బడి మానిందో నాకు తెలియదు. అత్తను అడగలేదు. మా మనవరాలి బడిలో నెమళ్ళు, జింకలు, చెట్లు అందరూ ఒకేసారి స్టేజి దిగి పరుగెత్తుకొచ్చినప్పుడు, నాకు మనసు కుదుటపడింది. పాట పెట్టెలోంచి వచ్చినా రాకపోయినా నాకు పట్టింపు లేదు. నాటకం అయిపోతే వాళ్ళు ఇంటికి పోతారు. అయిపోకూడదని ఎవరూ పాడనక్కర్లేదు. భయపడినా అది తప్పటడుగు పడుతుందేమోననే భయం. అంతకు మించింది కాదు. అంత చిన్న భయం దొరకడం కూడా భాగ్యమే.

ఆ నాటకం మర్నాడు పొద్దున అత్త చూరు కింది నెత్తళ్ళ మూటను విప్పి పులుసు పెట్టించుకుని, కడుపునిండా తిని, రైలుకు పోయింది. నేను బడికి పోయాను. గోవిందు నన్ను చూసి చెయ్యి పట్టుకుని మూలిగాడు. ఒకటో తరగతి వరండాలో నా చోట కూర్చున్నాను. పిల్లలు ఎప్పటిలాగే చెరొక పక్క ఆనుకున్నారు. అయ్యవారు వచ్చి నా పలక మీద కొత్త అక్షరం పెట్టి పోయారు. దిద్దుతున్నాను. అత్త ఎక్కిన రైలు కూత వినిపించింది. రైలు వస్తే పిల్లలంతా గోడ దగ్గరికి పరుగెత్తి చూడడం మామూలు, అందరికంటే ముందు నేనే పోయేదాన్ని. ఆ రోజూ అందరూ లేచి పోయారు. నేను లేవలేదు. పెట్టెలు పోతున్న చప్పుడు చివరిదాకా విన్నాను. నా చోట ఎవరూ కూర్చోరని తెలుసు, అయినా కదలకుండా కూర్చుని, ఆ అక్షరాన్ని పలక నిండేదాకా దిద్దాను.